అరోరా ఎలక్ట్రాన్లకు అంత వేగం ఎక్కడిది?

2024 మే 10న భూమిని తాకిన అయస్కాంత తుఫాను జీ5, అంటే కొలమానంలో అన్నిటికన్నా పై స్థాయిది. 2003 అక్టోబర్ తర్వాత అంత పెద్దది రావడం అదే మొదటిసారి. మామూలుగా నార్వే, అలాస్కా లాంటి చోట్ల తప్ప కనిపించని అరోరా, అంటే రాత్రి ఆకాశంలో తెరల్లా వెలిగే రంగుల కాంతి, ఆ రాత్రి అమెరికాలో టెక్సాస్, ఫ్లోరిడా దాకా దిగింది. మన దేశంలో లద్దాఖ్‌లోని హన్లే వేధశాల కెమెరాలకు ఆకాశం ఎర్రబడి చిక్కింది. అప్పటి నుంచి సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగిందంటే చాలు, "ఈసారి మనకూ కనిపిస్తుందా?" అని అడగడం మామూలైపోయింది. దానికి టీవీల్లో, పత్రికల్లో వచ్చే వివరణ ఒక్క వాక్యమే: సూర్యుడి నుంచి దూసుకొచ్చిన కణాలు మన గాలిని ఢీకొంటే వెలుగు పుడుతుంది.

ఈ వాక్యం పూర్తిగా తప్పు కాదు. కాకపోతే అసలు పని జరిగే చోటును చెప్పకుండా దాటేస్తుంది.

క్లుప్తంగా: అరోరాను వెలిగించే ఎలక్ట్రాన్లు సూర్యుడి నుంచి ఆ వేగంతో రావు. సౌర గాలి ఇచ్చిన శక్తి ముందు భూమి అయస్కాంత ఆవరణంలో, అంటే భూమి అయస్కాంత క్షేత్రం పరుచుకున్న ప్రాంతంలో, నిల్వ పడుతుంది. చివరి కొన్ని వేల కిలోమీటర్లలో ఎలక్ట్రాన్లకు అసలు ఊపు అందుతుంది. అవి తెచ్చే శక్తిలో కంటికి కనిపించే వెలుగుగా మారేది చాలా తక్కువ. మిగతాది పై గాలిని వేడి చేయడానికి, దాన్ని విద్యుత్ వాహకంగా మార్చడానికి పోతుంది. ఉపగ్రహాలకు, కరెంటు లైన్లకు ఇబ్బంది వచ్చేది ఆ మిగతా దానితోనే.

## లెక్క కుదరని చోటు

సూర్యుడి నుంచి ఎప్పుడూ బయటికి వీచే ప్రోటాన్లు, ఎలక్ట్రాన్ల ప్రవాహమే సౌర గాలి. భూమి దగ్గర దాని వేగం మామూలు రోజుల్లో సెకనుకు 400 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. తుఫాను రోజుల్లో 700, 800 కూడా దాటుతుంది. వినడానికి భారీగా ఉన్నా ఎలక్ట్రాన్ విషయంలో ఈ వేగం పెద్ద శక్తి కాదు. ఎలక్ట్రాన్ బరువు ప్రోటాన్ బరువులో 1,836వ వంతు. వేడి వల్ల ఉన్న శక్తిని కలుపుకున్నా సౌర గాలిలో ఒక్కో ఎలక్ట్రాన్ దగ్గర ఉండేది సగటున 10 ఎలక్ట్రాన్ వోల్టులు, అటూ ఇటూగా. ఒక వోల్టు తేడాను దాటిన ఎలక్ట్రాన్ అందుకునే శక్తే ఒక ఎలక్ట్రాన్ వోల్టు.

ఇప్పుడు కింది నుంచి చూద్దాం. నార్వే శాస్త్రవేత్త కార్ల్ స్టోర్మర్ 1910ల్లో ఒకే అరోరాను రెండు చోట్ల నుంచి ఒకేసారి ఫొటో తీయించి, నక్షత్రాల ఆధారంగా దాని ఎత్తు లెక్కగట్టాడు. ఆకుపచ్చ తెరల అడుగు అంచు చాలాసార్లు 100 కిలోమీటర్ల ప్రాంతంలో తేలింది. అక్కడి గాలి పీడనం నేల మీద ఉండే దానిలో పది లక్షల వంతు కూడా ఉండదు. అయినా సరే, అంత లోతుకు దిగాలంటే ఎలక్ట్రాన్‌కు 5 వేల నుంచి 10 వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. సూర్యుడు ఇచ్చింది పది, కావలసింది వేలల్లో.

ఈ తేడా ఊహ కాదని 1958లో రాకెట్లు చూపించాయి. కెనడాలోని ఫోర్ట్ చర్చిల్ నుంచి అరోరాలోకే నేరుగా రాకెట్లు పంపి కార్ల్ మెక్‌ఇల్వైన్ కొలిచినప్పుడు, ఒక ప్రకాశవంతమైన అరోరాలో ఎలక్ట్రాన్లలో ఎక్కువ భాగం దాదాపు ఒకే శక్తితో, అంటే 6 వేల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర గుంపుగా పడుతున్నట్టు తేలింది. "ఒకే శక్తి" అన్న మాటే ఇక్కడ కీలకం. వేడి వాయువులో కణాల శక్తులు చిన్నా పెద్దా కలిసి చెదిరి ఉంటాయి. అన్నీ ఒకే శక్తితో వస్తున్నాయంటే, అవి దారిలో ఎక్కడో ఒకే వోల్టేజీని దాటి వచ్చాయన్నమాట. ఆ వోల్టేజీ ఎక్కడుంది, ఎందుకు పుట్టింది అన్నది తేల్చడానికి ఇంకో కొన్ని దశాబ్దాలు పట్టింది.

## శక్తి నిల్వ పడేది భూమి వెనక

భూమి అయస్కాంత క్షేత్రం సౌర గాలికి అడ్డు నిలుస్తుంది. పగటి వైపు ఆ హద్దు మనకు సుమారు 65 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. రాత్రి వైపు మాత్రం క్షేత్రం తోకలా సాగి, చంద్రుడి కక్ష్యను దాటి ఇంకా వెనక్కి పోతుంది. సౌర గాలి తన వెంట మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణ దిశగా తిరిగి ఉంటే, పగటి వైపు అది భూమి క్షేత్ర రేఖలతో కలుస్తుంది. అలా కలిసిన రేఖలను సౌర గాలి వెనక్కి లాక్కుపోతుంది. తోకలో అయస్కాంత శక్తి పోగవుతూ పోతుంది. ఒక దశలో, చెరువు నిండి గండి పడినట్టు, సాగిన రేఖలు తెగి మళ్లీ అతుక్కుంటాయి. నిల్వ ఉన్న శక్తి భూమి వైపు ఒక్కసారిగా వదులుతుంది. అప్పటిదాకా ఒక పలుచని వంపుగా కదలక ఉన్న అరోరా నిమిషాల్లో చెలరేగి, ఆకాశమంతా పరుచుకునేది ఈ ఘట్టంలోనే. ఈ క్రమాన్ని 1964లో జపాన్ శాస్త్రవేత్త స్యున్ ఇచి అకసొఫు వరుసగా వర్ణించాడు.

తోకలో ఉన్న ఎలక్ట్రాన్లు ఈ దెబ్బకు వేడెక్కి వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయికి చేరతాయి. వీటిలో కొన్ని సౌర గాలి నుంచి చొరబడినవి. కొన్ని భూమి పై గాలి నుంచే ఎప్పుడో పైకి పోయినవి. కాబట్టి అరోరాలో పడే ఎలక్ట్రాన్ "సూర్యుడిదే" అని ఖాయంగా చెప్పడానికి కూడా లేదు.

అక్కడి నుంచి కిందికి రావడం తేలికేమీ కాదు. ఎలక్ట్రాన్ అయస్కాంత రేఖ చుట్టూ మెలికలు తిరుగుతూ ప్రయాణిస్తుంది. ధ్రువం వైపు వచ్చేకొద్దీ క్షేత్రం బలపడుతుంది, మెలిక బిగుస్తుంది, ముందుకు పోయే వేగం అడ్డం తిరగడంలో ఖర్చయిపోతుంది. చివరికి ఎలక్ట్రాన్ ఆగి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. దూరాన తోకలో ఉన్నప్పుడు తన దిశ రేఖకు 2, 3 డిగ్రీల లోపు ఉన్న ఎలక్ట్రాన్ మాత్రమే గాలిదాకా దిగగలదు. మిగిలినవన్నీ ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య తిరుగుతూనే ఉంటాయి. మామూలు స్థితి ఇది. అంటే ఆ వడపోతను ఏదో ఒకటి తప్పించాలి, లేకపోతే మెరుపు తెరలు ఉండవు.

## ఆఖరి వేల కిలోమీటర్లలో

నార్వేకే చెందిన క్రిస్టియన్ బిర్క్‌లాండ్ 20వ శతాబ్దం మొదట్లోనే ఒక మాట అన్నాడు. అరోరా దగ్గర విద్యుత్ ప్రవాహాలు ఆకాశం నుంచి అయస్కాంత రేఖల వెంట నిలువునా దిగుతాయి, ఎక్కుతాయి అని. 1917లో ఆయన పోయేనాటికి ఆ మాటను నమ్మినవాళ్లు తక్కువ. ఖాళీ అంతరిక్షంలో కరెంటు ఎలా పారుతుందన్నది అప్పటి పెద్దల అభ్యంతరం. 1960ల చివరి నుంచి ఉపగ్రహాలు ఆ ప్రవాహాలను కొలిచాక గొడవ సద్దుమణిగింది. ఇప్పుడు వాటిని బిర్క్‌లాండ్ ప్రవాహాలనే పిలుస్తున్నారు.

వోల్టేజీకి కారణం ఈ ప్రవాహాలే. కరెంటు పైకి పారాలంటే, రుణావేశం ఉన్న ఎలక్ట్రాన్లు కిందికి రావాలి. అయితే భూమికి కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తున కణాల సాంద్రత బాగా పడిపోయే ఒక పొర ఉంది. పైగా పైన చెప్పిన వడపోత వల్ల ఎలక్ట్రాన్లలో అత్యధిక భాగం తిరిగిపోతోంది. అడిగినంత కరెంటు మోయడానికి సరిపడా ఎలక్ట్రాన్లు కిందికి రావడం లేదు. అప్పుడు రేఖ వెంటే ఒక వోల్టేజీ తేడా ఏర్పడి, తిరిగిపోబోయే ఎలక్ట్రాన్లను కిందికి లాగుతుంది. ఎంత ఎక్కువ కరెంటు కావాలో అంత ఎక్కువ వోల్టేజీ. ఎలక్ట్రాన్లు 5 వేల వోల్టులు దాటితే ఆ మేరకు శక్తి పుంజుకుని, సెకనుకు దాదాపు 42 వేల కిలోమీటర్ల వేగం అందుకుంటాయి. 6 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి గాలిదాకా రావడానికి సెకనులో ఆరో ఏడో వంతు చాలు.

దీనికి రెండో ముఖం ఒకటుంది. పక్కనే కరెంటు కిందికి పారే చోట ఎలక్ట్రాన్లు పైకి ఎగిరిపోతాయి. అక్కడ వెలుగు ఉండదు. మెరిసే అరోరా మధ్యలో కొన్నిసార్లు కనిపించే నల్లని చారలు మేఘాలు కావు, ఈ తిరుగు ప్రవాహాలు.

వోల్టేజీ కథతో అన్నీ తేలిపోలేదు. కొన్ని అరోరాల్లో ఎలక్ట్రాన్ల శక్తి ఒకే చోట గుంపుగా ఉండదు, చిన్న నుంచి పెద్ద దాకా విస్తరించి ఉంటుంది. ఇక్కడ పని చేసేది ఆల్వెన్ అలలు. అంటే కదిలించిన అయస్కాంత రేఖల వెంట పాకే అలలు. స్వీడన్‌కు చెందిన హానెస్ ఆల్వెన్ 1942లో ఇలాంటి అలలు ఉండాలని చెప్పాడు, 1970లో ఆయనకు నోబెల్ వచ్చింది. అలతో సమాన వేగంతో పోతున్న ఎలక్ట్రాన్ ఆ అల విద్యుత్ క్షేత్రం నుంచి నిలకడగా శక్తి తీసుకోగలదు. 2021లో వెలువడిన ఒక ప్రయోగంలో, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉన్న 20 మీటర్ల ప్లాస్మా (ఆవేశ కణాల వాయువు) యంత్రంలో ఈ శక్తి మార్పిడిని నేరుగా కొలిచారు. అంతరిక్షంలో జరిగేదాన్ని గదిలో చూపించడం ఈ రంగంలో అరుదు.

మూడోది, ఫొటోల్లో పెద్దగా పడని రకం. సన్నగా, మసకగా ఆకాశమంతా పరుచుకునే అరోరా ఇది. వోల్టేజీ ఊపేమీ లేకుండా ఇక్కడ తోకలోని ఎలక్ట్రాన్లే దిగుతాయి. అయస్కాంత ఆవరణంలో పుట్టే ఒక రకం రేడియో తరంగాలు ఎలక్ట్రాన్ల దిశను కొద్దిగా చెదరగొట్టి, ఆ 2, 3 డిగ్రీల ఇరుకులోకి నెడతాయి. ఈ తరంగాలను స్పీకర్‌లో వినిపిస్తే తెల్లవారుజామున పిట్టల కిలకిలలా ఉంటాయి. తరంగం వచ్చి ఆగి వచ్చి ఆగి పోతుంటే, కింద అరోరా మచ్చలు కొన్ని సెకన్లకోసారి వెలిగి ఆరుతుంటాయి. జపాన్ ఉపగ్రహం అరాసె పైన తరంగాన్ని, ఇరుకులోకి పడుతున్న ఎలక్ట్రాన్లను ఒకేసారి పట్టుకుంది. నేల మీది కెమెరాలు మినుకుమినుకును పట్టుకున్నాయి. రెండూ సరిపోయాయి. ఫలితాలు 2018లో వచ్చాయి. అందం తెరలదే అయినా, మొత్తం మీద ఎలక్ట్రాన్లు గాలికి చేరవేసే శక్తిలో సింహభాగం ఈ మసక అరోరాదే.

## గాలిలో దిగాక

కిందికి వచ్చిన ఎలక్ట్రాన్ ఒక్క దెబ్బకు ఆగదు. ఒక అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను పీకి బయట వేయడానికి సగటున 35 ఎలక్ట్రాన్ వోల్టులు ఖర్చు పెడుతుంది. 5 వేలతో వచ్చింది ఆగేలోపు 140 దాకా కొత్త ఎలక్ట్రాన్లను విడుదల చేస్తుందన్నమాట. ఈ కొత్తవి నెమ్మదైనవి. ఆక్సిజన్ పరమాణువును ఆకుపచ్చ వెలుగు ఇచ్చే స్థితికి ఎత్తడానికి కావలసింది 4.17 ఎలక్ట్రాన్ వోల్టులే, ఎరుపుకు 1.96 చాలు. కాబట్టి ఆక్సిజన్ రంగుల్లో చాలా భాగాన్ని పుట్టించేది అంతరిక్షం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ కాదు, అది ఇక్కడి గాలిలోంచి ఊడగొట్టిన ఎలక్ట్రాన్.

ఎంత లోతుకు దిగుతుందన్నది శక్తిని బట్టి ఉంటుంది. వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులది సుమారు 150 కిలోమీటర్ల దగ్గర, 10 వేలది 100 దగ్గర, 10 లక్షలది 60 చిల్లర దగ్గర ఆగుతుంది. ఏదీ నేలదాకా రాదు. కాబట్టి అరోరా కింద నిలబడ్డవారికి ఈ ఎలక్ట్రాన్లతో ఆరోగ్య సమస్య లేదు.

రంగు విషయంలో ఎత్తుతోపాటు టైమ్ కూడా లెక్కలోకి వస్తుంది. ఆకుపచ్చకు, అంటే 557.7 నానోమీటర్ల వెలుగుకు, ఉత్తేజితమైన ఆక్సిజన్ ముప్పావు సెకను లోపే సిద్ధమవుతుంది. ఎరుపుకు, అంటే 630 నానోమీటర్లకు, సుమారు 110 సెకన్లు ఓపిక పట్టాలి. 200 కిలోమీటర్ల కింద గాలి కాస్త చిక్కనిది కాబట్టి ఈ రెండు నిమిషాల లోపే ఏ నైట్రోజన్ అణువో తగిలి ఆ శక్తిని లాగేసుకుంటుంది. అందుకే ఎరుపు ఎప్పుడూ పై అంతస్తులోనే కనిపిస్తుంది, ఆకుపచ్చలా గబగబా కదలదు కూడా. తెర అడుగున అప్పుడప్పుడు కనిపించే గులాబి అంచు మాత్రం నైట్రోజన్‌ది. ఎలక్ట్రాన్లు బాగా బలంగా వస్తున్నాయనడానికి అది గుర్తు.

## హన్లేలో ఎరుపే ఎందుకు

హన్లే 33 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. అక్కడ ఆకుపచ్చ కనిపించకపోవడానికి మొదటి కారణం భూమి గుండ్రంగా ఉండడం. 2,000 కిలోమీటర్ల దూరంలో అరోరా ఉంటే, దానిలో సుమారు 310 కిలోమీటర్ల ఎత్తు వరకు ఉన్న భాగమంతా క్షితిజం కిందే ఉండిపోతుంది. ఆకుపచ్చ ఉండేది 100 నుంచి 150 దగ్గర, కాబట్టి మనకు మిగిలేది ఎర్రని పై భాగమే.

రెండో కారణం వేరే. పెద్ద తుఫానులో భూమి చుట్టూ వలయంలా తిరిగే ప్రవాహం బలపడి, దాని వేడి అయస్కాంత రేఖల వెంట కిందికి జారుతుంది. ఐనో ఆవరణంలో, అంటే పై గాలిలో ఆవేశ కణాలు ఉండే పొరలో, అప్పటికే ఉన్న ఎలక్ట్రాన్లు వేడెక్కుతాయి. ఆ వేడితో ఆకుపచ్చ పుట్టదు కానీ 1.96 ఎలక్ట్రాన్ వోల్టుల ఎరుపు పుడుతుంది. స్థిరమైన ఎర్ర వంపులని పిలిచే ఈ కాంతిలో పై నుంచి కణాలు వచ్చి గుద్దడం లేదు. 2024 మే నాటి హన్లే దృశ్యాన్ని బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు ఈ రకం కిందే చెప్పారు. ఎర్రగా ఉన్నవన్నీ ఒకే అరోరా అనుకోవడం తొందరపాటు.

కెమెరాలో ఎర్రగా దొరికింది కంటికి బూడిద రంగులోనే ఉందని చాలామంది నిరాశపడడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. చీకట్లో పని చేసే కంటి కణాలు 630 నానోమీటర్ల ఎరుపును దాదాపు పట్టుకోలేవు. ఫోన్ కెమెరా కొన్ని సెకన్లపాటు వెలుగును పోగు చేస్తుంది.

## వెలుగు కొసరు మాత్రమే

ఒక అర్ధగోళంలో ఎలక్ట్రాన్లు గాలికి చేర్చే శక్తి ప్రశాంతమైన రోజున 20 గిగావాట్ల లోపు, పెద్ద తుఫానులో 100 గిగావాట్ల పైన ఉంటుంది. పోల్చాలంటే, 2024 మే 30న మన దేశం మొత్తం వాడిన గరిష్ఠ కరెంటు 250 గిగావాట్లు. ఎలక్ట్రాన్లు తెచ్చే ఆ శక్తిలో కంటికి కనిపించే వెలుగు కొద్దిపాటిదే.

ఎలక్ట్రాన్లు ఊడగొట్టిన ఆవేశాల వల్ల 110 కిలోమీటర్ల ఎత్తున గాలి మంచి వాహకమైపోతుంది. దానిలో లక్షల ఆంపియర్ల అడ్డ ప్రవాహాలు పారతాయి, ఆ రాపిడికి థర్మో ఆవరణం, అంటే ఆ ఎత్తుల్లోని పలుచని గాలి పొర, వేడెక్కి ఉబ్బుతుంది. కింద ఉన్న గాలి పైకి లేస్తుంది. 2022 ఫిబ్రవరి 3న స్పేస్ఎక్స్ పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 అలాగే పోయాయి. 210 కిలోమీటర్ల ఎత్తున, ఇంకా పైకి ఎక్కకముందే, చిక్కబడిన గాలి వాటిని వెనక్కి లాగింది. విశేషమేమిటంటే అది పెద్ద తుఫాను కూడా కాదు.

అదే అడ్డ ప్రవాహాలు గబగబా మారితే నేల మీది పొడవాటి లైన్లలో వోల్టేజీ పుడుతుంది. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్‌లో రెండు నిమిషాల లోపే గ్రిడ్ కుప్పకూలింది. 60 లక్షల మందికి తొమ్మిది గంటలపాటు కరెంటు లేదు.

గాలికి దీన్ని తట్టుకునే ఏర్పాటు కూడా కొంత ఉంది. ఎలక్ట్రాన్లు నైట్రోజన్ అణువులను విరగ్గొట్టడం వల్ల నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుంది. అది 5.3 మైక్రాన్ల పరారుణ కాంతిగా వేడిని అంతరిక్షంలోకి పంపేస్తుంది. తుఫాను తర్వాత పై గాలి కొన్నిసార్లు మామూలు కన్నా ఎక్కువ చల్లబడిపోవడం దీని వల్లే. అదే నైట్రిక్ ఆక్సైడ్ ధ్రువ శీతాకాలపు చీకట్లో కిందికి దిగితే మాత్రం ఓజోన్‌ను తింటుంది.

## అంగారకుడి దగ్గర ఆ వాక్యం నిజమే

మొదట చెప్పిన ఒక్క వాక్యపు వివరణ బాగా సరిపోయే గ్రహం ఒకటుంది. అంగారకుడికి గ్రహమంతా కమ్మే అయస్కాంత క్షేత్రం లేదు. నిల్వ లేదు, వడపోత లేదు. సూర్యుడి పేలుళ్లలోనే బాగా శక్తి పుంజుకున్న కణాలు నేరుగా గాలిలో పడతాయి. ధ్రువాల దగ్గరే కాక ఆకాశమంతా మసకగా వెలుగుతుంది. 2024 మార్చిలో పెర్సెవరెన్స్ రోవర్ అక్కడి నేల మీద నుంచి ఆ ఆకుపచ్చ కాంతిని ఫొటో తీసింది. బృహస్పతి దీనికి పూర్తి విరుద్ధం. పది గంటలకోసారి గిర్రున తిరిగే ఆ గ్రహంలో అరోరాకు ప్రధాన ఇంధనం దాని భ్రమణమే. జూనో నౌక అక్కడ 4 లక్షల వోల్టుల దాకా వోల్టేజీ తేడాలను కొలిచింది. అయినా అక్కడి అత్యంత ప్రకాశవంతమైన భాగాల్లో పని చేసేది ఆ నిలకడైన వోల్టేజీ కాదని, చిందరవందరగా ఎలక్ట్రాన్లను తోసే ప్రక్రియ అని తేలడం చాలామందికి ఆశ్చర్యం.

## తెలుగు రాష్ట్రాల ఆకాశంలో

హైదరాబాద్, విజయవాడలు అయస్కాంత భూమధ్యరేఖకు బాగా దగ్గర. ఇక్కడ క్షేత్ర రేఖలు దాదాపు అడ్డంగా ఉంటాయి, తోకతో కలవవు. కాబట్టి అరోరా ఎలక్ట్రాన్లు మన నెత్తిన పడే దారి లేదు. ప్రభావం మాత్రం వేరే రూపంలో వస్తుంది. ధ్రువాల దగ్గర పుట్టిన విద్యుత్ క్షేత్రాలు తుఫాను మొదలైన కాసేపటికే భూమధ్యరేఖ దాకా చొచ్చుకొచ్చి, ఇక్కడి ఐనో ఆవరణాన్ని పైకి, కిందికి కదుపుతాయి. జీపీఎస్ సిగ్నల్ దాని గుండానే రావాలి. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్ ఏళ్లుగా గమనిస్తున్నవాటిలో ఈ అలజడులూ ఉన్నాయి. 2024 మే తుఫాను భూమిని తాకినప్పుడు మనకు రాత్రి పదిన్నర దాటింది. అసలు ఉధృతి తెల్లవారుజామున, ఐనో ఆవరణం పలుచగా ఉన్న వేళ రావడంతో భారత్ మీద దెబ్బ తక్కువగా పడిందని ఇస్రో చెప్పింది.

ముందుగా చెప్పగలిగింది ఎంత? 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో నౌక ఆదిత్య ఎల్1, భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎల్1 అనే చోటి నుంచి సౌర గాలిలోని ఎలక్ట్రాన్లను, అయాన్లను, అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తోంది. సెకనుకు 750 కిలోమీటర్ల గాలి అక్కడి నుంచి మనదాకా రావడానికి సుమారు 33 నిమిషాలు. క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉందా లేదా అన్నది ఖాయంగా తెలిసేది కూడా అప్పుడే. పేలుడు జరిగిన రోజే "ఫలానా రాత్రి అరోరా ఖాయం" అని వచ్చే పోస్టులకు ఆ సమాచారం లేదు. తుఫాను వచ్చాక కూడా తోకలో నిల్వ ఉన్న శక్తి ఏ నిమిషాన వదులుతుందో ఎల్1 దగ్గరి కొలతలు చెప్పలేవు. అది తేలేది భూమి వెనక ఉన్న ఉపగ్రహాల్లో, నేల మీది అయస్కాంత మాపకాల్లో, అదీ వదలడం మొదలయ్యాక.